బీరువా వెనక గోడ

మా ఇంట్లో కిటికీలకు టేపు వేసింది నేనే. నా భార్యకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వచ్చిన రెండో ఏడు, పద్మారావు నగర్‌లో మా వీధి చివర పాత ఇల్లొకటి కూల్చి అపార్ట్‌మెంట్ కట్టడం మొదలుపెట్టారు. దుమ్ము తగలనివ్వవద్దని డాక్టరు అన్నారు. నేను ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించాను. గోధుమరంగు టేపు తెచ్చి పడకగది కిటికీ సందులన్నీ మూశాను. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను కంతలోంచి పావురాలు వస్తున్నాయని అట్టముక్క పెట్టి మేకులు కొట్టాను. అంతా అయ్యాక ఆమె మంచం పక్కన కూర్చుని, ఇప్పుడు బావుందా అని అడిగాను. బావుందంది. నేను చేసిన పని సరిగా కుదరకపోయినా ఆమె అలాగే అనేది.

ఆమె ఫిబ్రవరిలో పోయింది. టేపు అలాగే ఉండిపోయింది.

ఆ తరవాత ఇంట్లో ఇద్దరం మిగిలాం, నేనూ మా అత్తయ్యా. అత్తయ్య బాపట్ల వైపు ఒక స్కూల్లో టీచరుగా చేసి, మామగారు పోయాక మా దగ్గరికి వచ్చి పదేళ్ళయింది. కూతురు కూడా పోయింది కాబట్టి ఇక కొడుకు దగ్గరికి వెళ్తారని అందరూ అనుకున్నారు. నా బావమరిది రైల్వేలో పనిచేస్తాడు, మౌలాలిలో క్వార్టరు. నలభయ్యో రోజు ప్రార్థన కూడిక అయ్యాక అతను తల్లి బట్టలు సర్దబోయాడు. ఆవిడ, "నేనొస్తే మీ బావ అన్నం మానేసి పుస్తకాలు తింటాడురా" అన్నారు. నవ్వులాటగానే ఆ విషయం తేలిపోయింది. ఆవిడ ఉండిపోయారు.

మధ్యలో ఉండాల్సిన మనిషి లేకుండా అల్లుడూ అత్తగారూ ఒకే ఇంట్లో ఉండటం మా వాళ్ళలో అంతగా చూడం. మాకు పెద్దగా కబుర్లు కూడా ఉండేవి కావు. కానీ ఆమె పదేళ్ళ వయసులో దేనికి అలిగేదో అత్తయ్యకు తెలుసు. యాభై ఏళ్ళ వయసులో దేనికి అలిగేదో నాకు తెలుసు. అన్నం తినేటప్పుడు ఆ రెండూ ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. అది ఇంకెవరితోనూ చెప్పుకోగలిగింది కాదు.

బాత్రూము ఆనుకుని ఉంటుందని పడకగది అత్తయ్యకు ఇచ్చి, నేను హాల్లో పుస్తకాల మధ్య పడుకునేవాణ్ణి. నా భార్య బీరువా మాత్రం ఆ గదిలోనే ఉంది. పెళ్ళికి అత్తయ్యావాళ్ళు కొనిచ్చిన ఇనప బీరువా. సాయంత్రం అత్తయ్య మేడ మీదికి నడవడానికి వెళ్ళినప్పుడు నేను ఆ తలుపు తీసి కాసేపు నిలబడేవాణ్ణి. నాఫ్తలీన్ ఉండల వాసన, దాని అడుగున బరువుగా ఇంకో వాసన. అది ఆమె వాసన అనుకునేవాణ్ణి. తొందరగా తలుపు వేసేసేవాణ్ణి, ఎక్కువసేపు తీసి ఉంచితే అయిపోతుందేమోనని.

ఆగస్టు వానల్లో అత్తయ్యకు దగ్గు పట్టుకుంది. మొదట పొడిదగ్గు. తరవాత పడుకున్నప్పుడు పిల్లికూతలు. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. అదే గదిలోంచి మూడేళ్ళు విన్నాను.

మా ఆవిడను చూసిన డాక్టరు దగ్గరికే తీసుకువెళ్ళాను. ఆయన దగ్గు గురించి కన్నా ఇంటి గురించి ఎక్కువ అడిగారు. దోమలకు చుట్టలు వెలిగిస్తారా, తాలింపు పొగ ఎటు పోతుంది, కిటికీలు రోజుకు ఎంతసేపు తీస్తారు, గోడలకు చెమ్మ ఉందా. మొదటి మూడింటికీ నిజం చెప్పాను. నాలుగోదానికి, చూడాలండీ అన్నాను.

ఇంటికొచ్చి నాకు చేతనైన పని చేశాను, అంటే చదవడం. నాలుగు రోజులు ఇంటి లోపలి గాలి గురించి దొరికిందల్లా చదివాను. అత్తయ్య నా వెనక నిలబడి, "గాలి గురించి కూడా చదవాలా బాబూ? దేవుడు ముక్కిచ్చాడు గదా" అన్నారు. తరవాత లేచి టేపు పీకాను. ఏడాది పైగా ఎండకు మాడిన జిగురు కిరసనాయిలుతో తుడిస్తే గానీ వదల్లేదు, ఆ వాసనకు ఆవిడ ఇంకో గంట దగ్గారు. వంటింటి కంతకు అట్ట తీసి ఫ్యాను బిగించి, బయట పావురాల జాలీ కొట్టించాను. దోమల చుట్టలు మానేసి తెర కట్టాం. బాత్రూములో వేలాడే సెంటుబిళ్ళ పారేశాం. కట్టుబడి లారీలు రాకముందు పొద్దున ఒకసారి, అవి వెళ్ళాక సాయంత్రం ఒకసారి కిటికీలు తీసేవాణ్ణి. "మీ బావ కిటికీలకు టైంటేబులు వేశాడు. అటెండెన్సు ఒక్కటే తక్కువ" అని ఆవిడ కొడుక్కి ఫోనులో చెప్పారు.

పగలు దగ్గు తగ్గింది. ఆ గదిలో నడుం వాల్చగానే మళ్ళీ వచ్చేది. ఎందుకో మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

క్రిస్మస్‌కు ముందు గోడలకు రంగు వేయించని ఇల్లు మా వాళ్ళలో ఉండదు. మా ఆవిడ కూడా టీచరే కాబట్టి పరీక్షలూ పేపర్లూ అయ్యేసరికి పండగ ముంగిట్లోకి వచ్చేది. ఇక రెండు రోజుల్లో అంతా అయిపోవాలి. బీరువా ఖాళీ చేసి జరపడానికి టైముండేది కాదు. రంగులాయన దాని చుట్టూ బ్రష్షు తిప్పి వేసేసేవాడు. "బీరువా వెనక ఎవరు చూస్తారండీ" అనేది ఆమె. ఏటా వానాకాలంలో బీరువా అంచున గోడ మీద ఒక మరక వచ్చేది, ఏటా డిసెంబరులో రంగు కింద మాయమయ్యేది. ఇరవై రెండు క్రిస్మస్‌లు అలా గడిచాయి. ఇప్పుడు ఆమె పోయిన ఏడు కాబట్టి ఇంటికి నక్షత్రం కట్టం, రంగు వేయించం. ఆ ఏడు మరక మాయమయ్యే దారి లేదు. అక్టోబరుకల్లా అది బీరువా దాటి జానెడు బయటికి వచ్చింది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బావమరిది వచ్చాడు. తల్లి మంచం మీద కూర్చుని ఊపిరి ఎగబీలుస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. తరవాత నన్ను హాల్లోకి పిలిచాడు.

"బావా, ఏమనుకోకు. అమ్మని తీసుకెళ్తాను. ఈ గదిలో గాలాడట్లేదు. అక్కనీ ఇక్కడే చూశాను, మళ్ళీ చూడలేను."

అతని మాటలో తప్పేమీ లేదు. వారం ఆగమన్నాను. ఎందుకని అడగలేదు, సరేనన్నాడు. ఆవిడ వెళ్తే ఆ ఇంట్లో నా భార్య గురించి మాట్లాడటానికి నాకు మనిషి ఉండదు. ఆ సంగతి అతనితో చెప్పలేకపోయాను.

అతను వెళ్ళాక అత్తయ్య, "బీరువా జరుపుదాం బాబూ" అన్నారు.

"చాలా బరువు అత్తయ్యా. అంతా ఖాళీ చెయ్యాలి."

"చెయ్యాలి మరి."

ఆవిడ నా ముఖం చూస్తూ ఊరుకున్నారు. జీవితమంతా పిల్లల చేత నిజం చెప్పించిన మనిషి, తొందరపెట్టరు. చివరికి నేను, "ఆ వాసన పోతుంది అత్తయ్యా" అన్నాను.

ఆవిడ లేచి బీరువా తలుపు తీశారు. పై అరలోంచి ఒక నేత చీర తీసి ముఖానికి ఆనించుకున్నారు. రెండుసార్లు దగ్గారు.

"మా అమ్మాయి వాసన ఇది కాదు బాబూ. ఇది గోడ వాసన."

ఆవిడ ఆ చీర మడత సరిచేశారు.

"దాని ఒంటి మీద సుద్దముక్క వాసనుండేది. స్కూలు నుంచొచ్చి చేతులు కడుక్కున్నా పోయేది కాదు. మర్చిపోయారా?"

మర్చిపోయాను. ఎనిమిది నెలలు రోజూ ఆ బీరువా ముందు నిలబడి నేను జాగ్రత్త పెట్టుకున్నది గోడలో చెమ్మ.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం బీరువా ఖాళీ చేశాం. ఏ చీర ఏ సందర్భంలో కొన్నదో ఆవిడ చెబుతుంటే నేను మేడ మీదికి మోసుకెళ్ళి తీగ మీద ఆరేశాను. పక్కింటివాళ్ళు చూసి, పెళ్ళేమైనా ఉందా అని అడిగారు. గాలి తగలాలని వేశామన్నాను.

మర్నాడు బోయిగూడ నుంచి మా రంగులాయన ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చాడు. తాపీ పని కూడా అతనే చేస్తాడు. ఇద్దరూ బీరువాను ఎత్తి పక్కకు జరిపారు. వెనక గోడ లేత ఆకుపచ్చ రంగులో ఉంది. మొదటి క్రిస్మస్‌కు, ఆ ఇంట్లోకి ఇంకా సామాను చేర్చకముందు మా ఆవిడ ఏరి వేయించిన రంగు. దాని మీద కింది నుంచి నా భుజం ఎత్తు దాకా నల్లటి బూజు పట్టి ఉంది. నేల దగ్గర అది దూదిలా తెల్లగా పొంగింది.

రంగులాయన ఆ బూజును వేలితో గీకి చూశాడు. తరవాత, "ఇరవై ఏండ్ల సంది రంగేస్తున్న సార్. గీ గోడ మొహం ఇయ్యాల్నే చూస్తున్న" అన్నాడు. "బీరువా జరుపుతమంటే అమ్మ ఊకోకపోయేది. జల్ది కానీయ్, పండగొచ్చింది అనేది."

"ఎందుకొచ్చింది ఇది?" అని అడిగాను.

"బాత్రూం పైపు లోపల ఊరుతుంది సార్. పైపు మార్చాలె, ప్లాస్టర్ మొత్తం కొట్టెయ్యాలె, ఎండనియ్యాలె. జెర టైం పడ్తది, పరేషాన్ గాకుండ్రి. మరి మీద రంగేం ఏద్దాం?"

నేను అత్తయ్య వైపు చూశాను.

"ఈ ఏడు రంగు లేదు నాయనా. సున్నం వెయ్యి" అన్నారావిడ. "పండక్కి కాదు. గోడకి వైద్యం."

"సున్నమే మంచిదమ్మా. గోడకు సుత గాలాడ్తది."

వాళ్ళు పైపు కొనడానికి వెళ్ళాక మేమిద్దరం ఆ గోడ ముందు ఉన్నాం. అడగకుండా ఉండలేకపోయాను.

"దీనివల్లేనా అత్తయ్యా?"

"దాని జబ్బు వేరే అని డాక్టరు చెప్పారు గదా."

"ముదిరింది దీనివల్లేమో. పైగా నేను కిటికీలు కూడా మూసేశాను."

ఆవిడ వెంటనే కాదనలేదు. అందుకే ఆ తరవాత అన్న మాట నమ్మగలిగాను.

"అయ్యుండొచ్చు బాబూ. మనకి తెలీదు. ఈ మంచం మీద పదేళ్ళూ దాని పక్కన కూర్చుని కబుర్లు చెప్పినదాన్ని, నాకూ తెలీలేదు. తెలిస్తే ఇద్దరం కలిసి జరిపేవాళ్ళం. ఇప్పుడు జరిపాం గదా."

ప్లాస్టరు కొట్టే దుమ్ములో ఉండకూడదని ఆవిడను మౌలాలి పంపాను. సంచీలో ఎన్ని చీరలు పెట్టుకున్నారో చూడకూడదనుకుని కూడా చూశాను. నాలుగే, మళ్ళీ వచ్చేటట్టే. అక్కడి క్వార్టరుకు నాలుగు వైపులా కిటికీలు, గుట్ట మీది గాలి. వారంలో దగ్గు పోయిందని బావమరిది ఫోను చేశాడు. సంతోషమన్నాను. నిజంగా సంతోషమే. కానీ ఆ పూట అన్నం వండుకోలేదు. రోజూ పొద్దున అత్తయ్య ఫోను చేసి ఒకే మాట అడిగేవారు: "గోడ ఎండిందా?" నేను అరచెయ్యి ఆనించి చూసి చెప్పేవాణ్ణి. ఇంకా చల్లగా ఉంది. ఇవాళ కొంచెం నయం. ఎండింది.

చీరలు మళ్ళీ బీరువాలో పెట్టాను. వాటికిప్పుడు ఏ వాసనా లేదు. బీరువాను గోడకు జానెడు దూరంగా ఉంచాను, చీపురు పట్టేటట్టు.

డిసెంబరు మొదటి వారంలో బావమరిది తల్లిని తీసుకొచ్చి దింపాడు. "పదిహేను రోజులు చూద్దాం బావా. మళ్ళీ దగ్గొస్తే మాత్రం నేను వినను" అన్నాడు. వినొద్దన్నాను. అత్తయ్య గదిలోకి వెళ్ళి తెల్లటి గోడను చేత్తో తడిమి, కిటికీ రెక్క ఇంకాస్త తోసి, "టైంటేబులు మారిందా?" అన్నారు. కట్టుబడి పూర్తయింది, లారీలు రావడం లేదు, ఇక రోజంతా తీసే ఉంచుతున్నానని చెప్పాను.

భోజనం అయ్యాక ఆవిడ ఆ గదిలో పడుకున్నారు. నేను గుమ్మానికి ఇవతల కుర్చీ వేసుకుని పుస్తకం తెరిచాను. ఒక్క పేజీ కూడా తిప్పలేదు. ఆ గదిలోంచి ఏ చప్పుడూ రావడం లేదు. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఇలాగే ఏ చప్పుడూ రాకపోతే నేను లేచి లోపలికి వెళ్ళాను. ఇప్పుడూ లేచి వెళ్ళాను. అత్తయ్య గోడ వైపు తిరిగి నిద్రపోతున్నారు. భుజం మీది దుప్పటి కొద్దిగా లేస్తోంది, దిగుతోంది. కాసేపు అలా చూసి, వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.