కొరియా దయ్యం, నా నేస్తం

మా శ్రీకాకుళం వైపు ఇద్దరు ఆడపిల్లలు బాగా కలిసిపోతే ఇళ్లల్లో పెద్దవాళ్లు వాళ్ల చేత నేస్తం కట్టిస్తారు. గుడికి తీసుకెళ్లి, ఒకరి తలలో ఒకరి చేత పూలు పెట్టించి, కొత్తబట్టలు పెడతారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు నేస్తం అనే పిలుచుకోవాలి. పేరు పెట్టి పిలిచారా, ఆ నేస్తరికం తెగిపోయినట్టే. నేనూ నా నేస్తమూ హైస్కూల్లో ఉండగా శ్రీకూర్మంలో కట్టుకున్నాం. పండగకి వాళ్లమ్మ తన కూతురికి ఏ బట్టలు కొన్నా నాకూ కొనేది. ఆ పిల్ల నా సొంతమని నా ధీమా.

ఇంటర్‌కి ఇద్దరం ఆమదాలవలసలో ఒక ఆడపిల్లల హాస్టల్లో చేరాం. రెండో ఏడు విజయనగరం నుంచి ఇంకో పిల్ల వచ్చి మా గదిలో పడింది. కొరియా సినిమాలంటే చెవి కోసుకునేది. నా నేస్తం దాని పక్కన చేరి ఆ హీరోల పేర్లన్నీ వల్లించేది. దాని జుట్టు బాగుంటుందట, అది నవ్వితే ఇంకా బాగుంటుందట. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఈరోజుకీ ఆ పిల్ల మంచిదని నా చేత ఎవరూ అనిపించలేరు.

ఒక ఆదివారం పొద్దున వార్డెన్ గారు చర్చికి వెళ్లగానే ఆ పిల్ల పెన్‌డ్రైవ్ తెచ్చి హాల్లో టీవీకి పెట్టింది. కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేశాం. సినిమాలో కొరియాలో ఒక ఆడపిల్లల బడి. ఒకరిని విడిచి ఒకరు ఉండలేని ఇద్దరు స్నేహితురాళ్లు. మధ్యలో మూడోది వచ్చి చేరుతుంది. ఒంటరిదైపోయిన పిల్ల చచ్చి దయ్యమై, స్నేహితురాలిని వెతుక్కుంటూ బడి వరండాల్లో తిరుగుతుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు చదివేలోపే మాయమైపోతుంటే, విజయనగరం పిల్లే మాకు కథ చెప్తూ వచ్చింది. అందరూ దాని నోటి వైపే చూడటం నాకు ఇంకా మంట.

నా నేస్తం మా ఇద్దరి మధ్యా కూర్చుంది. నేను సినిమా కన్నా తననే ఎక్కువ చూశాను. భయమేస్తే ఎటు తిరుగుతుందో నాకు తెలియాలి. దయ్యం తలుపు తోసుకుని వచ్చి ఆ మూడోదాని పీక పట్టుకుంది. "ఓలమ్మో!" అని నా నేస్తం ఆ పిల్లని వాటేసుకుంది.

హాల్లో అందరూ దయ్యాన్ని తిట్టారు. నాకు మాత్రం దాని మీద జాలేసింది.

"ఆ దయ్యం సేసినదాంట్లో తప్పేటున్నాది? మద్దెలో దూరినోళ్లని ఊరికినే ఒగ్గీమంటారేటి?" అన్నాను పైకే.

"సినిమా మీద కూడా కోపమేనేటి నేస్తం నీకు?" అని నా నేస్తం నవ్వింది. పక్కన అదీ నవ్వింది.

కొన్నాళ్లకి నా నేస్తం జడ వేసుకుంటూ చల్లగా చెప్పింది. "మాయమ్మకి సెప్పాను. దాంతో కూడా నేస్తం కట్టుకుంతాను. నువ్వూ రావాల. నువ్వు లేకపోతే నాకు బాగోదు."

రానంటే ఓడిపోయినట్టు ఉంటుందని వెళ్లాను. అదే శ్రీకూర్మం, అదే గుడి. ఇద్దరూ ఒకరి తలలో ఒకరు పూలు పెట్టుకున్నారు. వాళ్లమ్మ వాళ్లతో పాటు నాకూ గాజులు తొడిగింది. మా దగ్గర నేస్తానికి నేస్తమైతే మనకీ నేస్తమే, ఇక ఆ పిల్లని నేనూ అలాగే పిలవాలి. అది మిగిలిన పూలు పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "నాకూ పెట్టు నేస్తం" అంది.

నేను పూలు అందుకోలేదు. క్లాసులో హాజరు పిలిచినట్టు, ఇంటిపేరుతో సహా దాన్ని పేరు పెట్టి పిలిచాను. చుట్టుపక్కల వాళ్లు తిరిగి చూశారు. ఆ పిల్ల మొహం మాడిపోయింది. ఇన్నాళ్ల నా కడుపుమంట ఒక్కసారి చల్లారింది.

అప్పుడు నా నేస్తం నా వైపు తిరిగి, నెమ్మదిగా, నన్ను పేరు పెట్టి పిలిచింది.