కాలువగట్టు మీద చరిత్ర పాఠం

మా ఊరి పక్క ఉప్పుకాలువను తవ్వినవాళ్లు చరిత్ర పుస్తకంలో లేరు. తవ్వించిన దొరలున్నారు, ఆ నీటి మీద మద్రాసుకు పోయిన పడవలున్నాయి. దొరల కాలంలో వచ్చిన ధాత కరువులో డొక్కలెండి మట్టి మోసినవాళ్లు, ఆ గట్టు మీదనే క్రీస్తును నమ్ముకుని పల్లె కట్టుకున్నవాళ్లు మాత్రం లేరు. ఇది తప్పు. కుర్రతనం నుంచీ తప్పంటున్నాను, ఊపిరున్నంత కాలం అంటాను.

మొన్న మా మనవడు వసారాలో చరిత్ర పాఠం వల్లె వేస్తుంటే గాలి తూర్పుకు తిరిగింది. పోటు తీసిన కాలువ బురద వాసన గుప్పున ఇంట్లోకి కొట్టింది. ఇంకేముంది! రూతమ్మ టీచరుగారు వచ్చి ఎదుట నిలబడినట్టే అయింది. ఆవిడ చేతిలో బెత్తం ఉండేది కాదు, నల్ల గొడుగు ఉండేది. దాని కొనతోనే ఇసుకలో దేశపటం గీసేవారు.

నేను దర్జీని, పేరు మస్తాన్. చిన్నప్పుడే బడి మానేశాను. ఇందుకూరుపేట దగ్గర ఆ పల్లెలో, క్రైస్తవ సంఘం వాళ్ల బడికి ఆనుకునే నా కొట్టు. పెళ్లయిన మనిషినై ఉండి, కుట్టు ఆపి మరీ కిటికీలోంచి ఆవిడ పాఠాలు వినేవాణ్ణి. ఒకనాడు పట్టుబడ్డాను.

“ఏం మస్తానూ, మిషను చప్పుడు ఆగిపోయిందే? పాఠం నచ్చలేదా?”

“నచ్చింది టీచరమ్మా. సగం అర్థం కాలా.”

“అయితే లోపలికొచ్చి అడుగు. గోడవతల నిలబడి వింటే అది ఎవరిదో చరిత్రే అవుద్ది.”

ఆ తర్వాత నాకు పుస్తకాలివ్వడం మొదలుపెట్టారు. చదివి తిరిగిస్తే సరిపోదు, ఒక ప్రశ్న కూడా తేవాలి. ప్రశ్న లేకపోతే రెండో పుస్తకం లేదు! నా చదువంతా ఆవిడ పెట్టిన ఆ నిబంధన మీద నడిచిందే.

ఆ సంఘానికి ఒక ఆచారం ఉండేది. కోత పండుగనాడు వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు గుడికి కానుకగా తెచ్చే ముందు ఇంటికొక తట్ట మట్టి కాలువగట్టు మీద పోసి రావాలి. కొత్త కోడలైనా, నెల్లూరులో గుమాస్తా అయినా తట్ట నెత్తికెత్తుకోవాల్సిందే. తమ పెద్దలు ఆ మట్టి మోసి, గంజి తాగి ప్రాణం నిలుపుకున్నందుకు కృతజ్ఞత అది. అరవైల మొదట్లో రిపబ్లిక్ దినోత్సవానికి ఇందుకూరుపేటలో బడులన్నీ దేశచరిత్ర మీద నాటికలు వేయాలన్నారు. రూతమ్మగారు ఎగిరి గంతేసినంత పని చేశారు. “మా తట్టల కథ వేస్తాం!”

సంఘపెద్ద దావీదన్న పరుగున నా కొట్టుకొచ్చి ఇత్తడి గుండీల కోటు కుట్టమన్నాడు. కష్టపడి కుట్టాను. టీచరుగారు దాన్ని గొడుగు కొనతో ఎత్తి చూశారు.

“ఎవరికయ్యా, పెళ్లికొడుక్కా?”

“దొరకమ్మా,” అన్నాడు దావీదన్న. “దొర లేకుండా మనకు చరిత్ర ఎక్కడిది?”

“గంజి పోయించినాడు, కాదన్లేదు. మట్టి మోసిన నెత్తి ఎవరిదన్నా? మన నెత్తి మన కంటికే ఆనకపోతే ఎట్టా?”

“నీతో వాదానికి దిగితే గుడి తాళాలు కూడా నీకే ఇచ్చిపోవాల,” అని నవ్వేశాడాయన. నాటికలోంచి దొర పోయాడు. పిల్లలు, తట్టలు మిగిలారు.

వారం ముందు బడుల ఇన్‌స్పెక్టరుగారొచ్చి చూశారు. చూస్తూ చూస్తూ మధ్యలోనే లేచారు.

“గంజికి మతం మారినోళ్ల కథ దేశచరిత్ర ఎట్టా అవుద్దమ్మా? ప్రచారమవుద్ది. తీసేయండి.”

“కరువు తీరేదాకా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదండీ, మా అవ్వ చెప్పేది. సరే, మతం పక్కన పెట్టండి. కాలువ దేశానిదే గదా? మరి తవ్వినోళ్లు ఏ దేశమోళ్లు?”

ఆయన గుమ్మం దాటుతుంటే నేను కొట్టులోంచి వచ్చి అడ్డం నిలబడ్డాను. నాకు ఒళ్లు మండిపోతోంది.

“జవాబు చెప్పి పోండి సార్!”

“సాయిబువి, నీకేందయ్యా మధ్యలో?”

“కాలువ మీద వచ్చిన బియ్యం మేమూ తిన్నాం సార్!”

ఆయన జీపెక్కి వెళ్లిపోయారు. నాటిక ఆగిపోయింది. పిల్లలు తట్టలు పట్టుకుని ఏడ్చారు. రూతమ్మగారు మాత్రం ఏడవలేదు. “స్టేజీ లేకపోతే ఏం, గట్టు ఉండాది గదా!” అని ఊరూరా కబురు పెట్టారు. కోత పండుగకు చరిత్ర పాఠం కాలువ మీదనే, చూడ్డానికి వచ్చేవాళ్లు తట్టతో రావాలి అని.

వచ్చారయ్యా జనం! రెడ్ల పిల్లలొచ్చారు, మైపాడు నుంచి పట్టపోళ్లు వలలు ఆరేసి వచ్చారు, మా సాయిబులం వెళ్లాం. కుట్టిన కోటు వృథా ఎందుకని దావీదన్న దాన్నే తొడుక్కుని మట్టి ఎత్తాడు. గట్టెక్కేసరికి గుండీలు టపటపా తెగి నీళ్లలో పడ్డాయి. “దొర దిగిపోయినాడ్రోయ్!” అని ఒకటే కేకలు! ఆ గోలలోనే రూతమ్మగారు గొడుగెత్తి, కరువు సంగతి, గంజి తొట్ల సంగతి, గట్టు కింద పూడ్చిన వాళ్ల సంగతి చెప్పుకొచ్చారు. నా నెత్తి మీది తట్ట దించడం నేనే మరిచిపోయాను. ఈనాటికీ ఏ చరిత్ర పుస్తకం తెరిచినా, ఇది ఎవరు నెత్తిన మోశారు అన్న ప్రశ్నతోనే తెరుస్తాను.

చిట్టమూరు వైపు బదిలీ అయ్యేదాకా ఏటా ఆ పాఠం గట్టు మీదనే చెప్పారావిడ. నేను ఏటా పండుగ మర్నాడు ఇన్‌స్పెక్టరుగారికి ఒక కార్డు రాసేవాణ్ణి: జవాబు ఇంకా రాలేదు అని. రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం ఆయనే బస్సు దిగి నా కొట్టుకొచ్చారు. బల్ల మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు తాగి, కాలువ వైపు చూస్తూ చెప్పారు:

“మాది మనుబోలు, భూమి గల కుటుంబం. ధాత కరువులో మా తాత కూడా ఇక్కడికొచ్చి తట్ట మోసినాడు సాయిబూ. మీ టీచరమ్మ పెద్దోళ్ల పక్కనే కూర్చుని అదే గంజి తాగినాడు. వాళ్లు దాన్ని పండుగ చేసుకుని చెప్పుకుంటారు. మేం పరువు పోద్దని ఇంట్లో కూడా నోరెత్తం. పదిమందిలో కూర్చుని ఆ ఆట చూళ్లేకనే కొట్టేసినాను.”