తురాయి చెట్ల కింద మా వియ్యంకుడుగారు

మా వియ్యంకుడుగారు పోయారన్న కబురు పొద్దున్నే వచ్చింది. లంబాలైన్‌లో మా ఇంటి ముందు స్కూటర్ తుడుచుకుంటున్నాను. తురాయి మొగ్గ ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఆ రోజు ఇద్దరం కలిసి వెళ్ళాలనుకున్నాం. ఊళ్ళోనే ఉన్న డెలానీపూర్ పేట నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, నాన్న లేవట్లేదు" అన్నాడు. "లేపు బాబూ, బయలుదేరుతున్నానని చెప్పు" అన్నాను. వాడు మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

ఇలా రాయవచ్చో లేదో తెలియదు, ఉన్నమాట రాస్తున్నాను. ఆ రోజుల్లో నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. పెళ్ళైన ఎన్నో ఏళ్ళకి, అందరూ అడగడం కూడా మానేశాక, మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. కనబడినవాళ్ళకల్లా చెప్పాను. చేపలమ్మే దీదీకి చెప్పిందే చెబుతుంటే "కల్ భీ బోలా థా భయ్యా" అని, నిన్నా ఇదే చెప్పావంటూ నవ్వింది. ఎంత చెప్పినా విసుక్కోకుండా, నేను చెప్పినదాన్ని ఇంకాస్త పెంచి నాకే తిరిగి చెప్పే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆ మనిషి పోయాడు. సంతోషం అలాగే ఉంది. దాన్ని ఎక్కడ దింపుకోవాలో తెలియక మోస్తున్నాను.

ఆయన బడిలో సైన్సు మాస్టారు. నేను ఓడల మీద తాళ్ళు లాగి బతికినవాణ్ణి, నా చదువు అంతంతమాత్రం. వియ్యంకులం కాబట్టి పండక్కి ఒకసారి కలిసి, మర్యాదగా కాఫీ తాగి విడిపోవాల్సినవాళ్ళం. మమ్మల్ని కలిపింది ఎర్ర పువ్వులు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో పెంతెకొస్తు ఆదివారానికి గుడిని ఎర్రగా అలంకరిస్తారు. ఆ రోజు శిష్యుల మీదికి అగ్ని నాలుకలు దిగివచ్చాయి కదా, అందుకని. సరిగ్గా ఆ రోజులకే మా దీవుల్లో తురాయి విరగబూస్తుంది. ఇక్కడ గుల్మొహర్ అంటేనే అందరికీ తెలుస్తుంది. పిల్లల పెళ్ళైన ఏడాది ఆ పువ్వులు తెచ్చే పని పెద్దలు మా ఇద్దరికీ అప్పగించారు. మళ్ళీ ఎవరికీ మార్చలేదు.

స్కూటర్ నేను నడిపేవాణ్ణి. వెనక ఆయన, చేతిలో గొడుగు, భుజం మీద దోటి. చెట్టు కనబడితే చాలు, నా వీపు మీద తట్టేవాడు. "ఆపండి బావగారూ. ఒక్క పువ్వు చూసి పోదాం." ఆ ఒక్క పువ్వుకి గంట పట్టేది. నాలుగు రేకులు ఎర్రగా ఉండి, అయిదోది మాత్రం తెల్లగా, కుంకుమ చల్లినట్టు చుక్కలతో నిటారుగా నిలబడి ఉంటుందని ఆయన చూపించేదాకా నాకు తెలియదు. అన్నేళ్ళు ఆ చెట్ల కిందుగానే జెట్టీకి పోయి వచ్చాను. "అది పురుగులకి పెట్టిన బోర్డు బావగారూ. హోటల్ ఇటు అని" అనేవాడు. ఎండిన కాయని కత్తిలా పట్టుకుని గలగలలాడించి, "ఇంత పెద్ద చెట్టూ మన ఇంటి చిక్కుడుపాదుకి చుట్టమే. కాయ చూస్తే తెలియదూ? వియ్యంకులమని మొహం చూస్తే తెలియదు గానీ, ఇవి తెలిసిపోతాయి" అనేవాడు.

ఒకసారి అడిగాను, ఇది మన దేశపు చెట్టేనా అని. కాదన్నాడు. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ అని పెద్ద దీవి ఉందట, అక్కడిదట. "అదీ దీవిలోదే బావగారూ. మీ నాన్నగారిలాగే, మా నాన్నగారిలాగే ఓడెక్కి వచ్చింది. వచ్చిన చోట వేరు పట్టింది. ఎవరైనా పొమ్మన్నారా?" నేను ఓడ మనిషిని. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

మా ఇద్దరికీ వచ్చిన తగువు ఒక్కటే. పిల్లల పెళ్ళైన వారమే గుడి ఆవరణలో రెండు తురాయి మొక్కలు పక్కపక్కన నాటాం, ఒకటి ఆయన తెచ్చింది, ఒకటి నేను తెచ్చింది. ఒకదాన్ని మేక తినేసింది. మిగిలింది నాదని నేను, తనదని ఆయన. మొక్క పెరిగినకొద్దీ పంతం పెరిగింది. "నా మొక్క ఎలా ఎదిగిందో చూశారా" అని ఆయన అంటే, "మీది ఎప్పుడో మేక కడుపులో ఎదిగింది" అని నేను. చివరికి ఒక వేసవిలో పూసింది. నిండా పసుపు పువ్వులు. తురాయికి పసుపు పూసే దాయాది ఒకటుంది, దాని ఆకూ అచ్చం అంతే, మొక్కలో ఉండగా పోల్చడం కష్టం.

గుడి ముందు జనమంతా చూస్తుండగా ఆయన నా చెయ్యి పట్టుకుని, "కంగ్రాట్స్ బావగారూ, మీ మొక్క పూసింది" అన్నాడు.

"నాదేటి? ఇన్నేళ్ళూ 'నా మొక్క' అన్నారు కదా."

"ఛోడో జీ, వదిలేయండి. సైన్సు మాస్టారు తెచ్చిన మొక్క పసుపు పూస్తుందా?"

మా పాస్టరు అయ్యగారు గుడి తలుపు దగ్గరే నిలబడి, "మీరిద్దరూ తేల్చుకునేలోగా పెంతెకొస్తు వచ్చీసింది. ఎర్ర పువ్వులు పట్టుకురండి" అన్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఇద్దరిదీ కాదు.

తురాయి కంటే ముందు బాడిద పూస్తుంది. ముళ్ళ చెట్టు, మిరియాల తీగ పాకించడానికి తోటల్లో వేస్తారు. ఆకంతా రాల్చేసి, కొమ్మ చివర నెత్తురు రంగు గుత్తులు పెడుతుంది. ఒకసారి ఇద్దరం మాయాబందర్ ఊరికి వెళ్ళినప్పుడు బస్సులోంచి ఆ చెట్టొకటి కనబడింది, నిండా గోరువంకలు. అప్పటికి మా అమ్మాయికి మందులు, మొక్కులు అన్నీ అయిపోయాయి. నేను దిగులుగా ఉన్నానని కనిపెట్టి ఆయన, "ఆకు లేదని చూసి ఎండిపోయిందనుకుంటాం బావగారూ. దాని లెక్క వేరే" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

అలాంటి మనిషి మనవరాలి ముఖం చూసుకున్నాడు, అంతవరకు దేవుడు మేలే చేశాడు. మా సంఘంలో బిడ్డ బాప్తిస్మానికి తండ్రి తండ్రే బిడ్డని ఎత్తుకుని ముందుకు నడవడం ఆనవాయితీ. ఆయన పెంతెకొస్తు ఆదివారమే కావాలని అయ్యగారితో ఖాయం చేసుకున్నాడు. గదిలో తలగడ ఎత్తుకుని నడిచి చూసుకునేవాడట. ఈ మాట మా అమ్మాయి చెప్పింది.

ఆయన పోయాక నేను ఒక్కణ్ణే స్కూటర్ మీద తిరిగాను. చెట్లన్నీ పూశాయి. ఒకచోట చెట్టు కింద ఆగి, అలవాటుగా "చూశారా" అన్నాను. వెనక సీటు ఖాళీ. అంత ఎరుపుని ఒక్క మనిషి చూడటం కష్టమని అప్పుడు తెలిసింది.

బాప్తిస్మం ఆపాలా, జరపాలా అని ఇంట్లో మాటలు మొదలయ్యాయి. జరపాలని మా వియ్యపురాలే అన్నారు, ఆయన కోరిక కనుక. అయితే బిడ్డని నన్ను ఎత్తుకోమన్నారు.

"మీరే తీసుకెళ్ళండి అన్నయ్యగారూ. నేను వెనక గోడ దగ్గర కూచుంటాను."

"వెనకెందుకు చెల్లెమ్మా?"

"మొగుడు పోయిన మనిషి శుభంలో ముందుకొస్తే బాగుంటుందా?"

ఇది మా గుడి చెప్పే మాట కాదు. మా నాన్నలు సముద్రం దాటినప్పుడు పెట్టెల్లో వచ్చిన మాట. బైబిలు పక్కనే అదీ వచ్చింది. నాకు ఒక్క క్షణం గుండె ఉప్పొంగింది, దాచను. మనవరాలిని చేతుల్లో పెట్టుకుని సంఘమంతా చూస్తుండగా నడవడం కంటే నాకింకేం కావాలి. కానీ నేను ఎత్తుకుని నడిచానంటే, ఆవిడ ఆ గోడ దగ్గర ఇక ఎప్పటికీ కూర్చుండిపోతారని తోచింది.

"నాకు కుదరదు చెల్లెమ్మా. ఆ రోజు పువ్వుల పని నాది. చేతులు మట్టిగా ఉంటాయి."

"కడుక్కోండి."

"కడుక్కోను. పిల్లని ఆ ఇంటి మనిషి తీసుకురావాలి. మీరు తేకపోతే ఎవరూ తేరు."

ఆవిడ లోపలికి వెళ్ళి టీ పెట్టారు. నాకిచ్చిన కప్పులో పంచదార వేయడం మర్చిపోయారు. నేనూ అడగలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా ఒక్కణ్ణే దోటితో కొమ్మ వంచాను. అది ఇద్దరి పని. సగం పువ్వులు రోడ్డు పాలయ్యాయి. దక్కినవి తెచ్చి గుమ్మానికీ, నడవ మీద అడ్డంగా కట్టిన తాడుకీ చుట్టాను. గాలికి రేకులు అప్పుడే రాలడం మొదలుపెట్టాయి.

ఆరాధన సాగింది. పాట అయిపోయింది. అయ్యగారు బిడ్డని తీసుకురమ్మన్నారు. మా అమ్మాయి, అల్లుడు లేచి నిలబడ్డారు, చేతులు ఖాళీగా. బిడ్డ వెనక గోడ దగ్గర నాయనమ్మ ఒడిలో ఉంది. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. అందరూ నా వైపే చూస్తున్నారు. నేను నేల చూస్తున్నాను.

తెల్లచీర కదిలిన చప్పుడు వినబడి తలెత్తాను. మా వియ్యపురాలు బిడ్డని భుజానికి ఆనించుకుని లేచారు. తాడు కిందుగా వస్తుండగా ఒక తురాయి రేకు రాలి ఆవిడ ముడిలో చిక్కుకుంది. పక్క బెంచీలో ఉన్న పెద్దావిడ గబుక్కున చెయ్యి చాపింది, తీసేద్దామని.

"ఉండనీ వదినా" అన్నారు ఆవిడ, ఆగకుండానే.

నేను వెనక నుంచి చూస్తూ ఉండిపోయాను. నెరిసిన ఆ ముడిలో ఎర్ర రేకు, బిడ్డతోపాటు మెల్లగా ముందుకు వెళ్ళింది.