నైదా బట్టీ ఆరిన ఏడు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన నైదా నోటికి మా క్రుషారిత్స ఏనాడో తగలబడిపోవాలి. తగలబడలేదు గానీ, నైదా తిట్టని గడప మాత్రం మా ఊళ్ళో లేదు. ముందే చెప్పేస్తున్నాను, నాకు ఆవిడంటే పడదు. ఈ ఊళ్ళో మిగిలిన ఒక్క కొట్టూ నాది. ఉప్పుకీ అగ్గిపెట్టెకీ ఆవిడ నా దగ్గరికే రావాలి, అయినా మేమిద్దరం ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. వస్తుంది, చిల్లర బల్ల మీద పడేస్తుంది, కావలసింది చూపుడు వేలితో చూపిస్తుంది. నేనూ సరుకు బల్ల మీద పడేస్తాను.

ఎందుకు పడదో కూడా చెబుతాను. వాగు ఒడ్డున ఊరి సారా బట్టీ ఉంది. శరదృతువులో ఇంటింటా ప్లమ్ పళ్ళు పీపాల్లో పులిసి ఊట అవుతాయి. ఆ ఊట తీసుకుని, కట్టెలు తీసుకుని, వంతు ప్రకారం బట్టీకి వెళ్ళాలి. పొయ్యి మీద రాగి కాగు, మూత చుట్టూ రొట్టెపిండి మెత్తి, గొట్టంలోంచి సన్నటి ధార పడేదాకా ఊరంతా అక్కడే. నిప్పుల్లో బంగాళాదుంపలు, చువ్వకి గుచ్చిన సాసేజీలు, జాడీల్లో ఊరవేసిన మిరపకాయలు. ఏడాదంతా మొహాలు చూసుకోనివాళ్ళు కూడా అక్కడ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఆ బట్టీకి రాణి నైదా. ప్రతివాడి పీపా మూతా తీసి, ముక్కు పెట్టి, నలుగురిలో తీర్పు చెప్పేది. నా పీపా మీద వంగి ఏమందో తెలుసా?

"ఇందులో పళ్ళకన్నా చక్కెరే ఎక్కువుందే స్పాస్కా! కొట్టుదానివి కదా, మూటంతా ఒంపేశావా?"

పిడికెడు కూడా వేయలేదు నేను. ఊరంతా నవ్వింది. చక్కెర వేసి సారా పెంచిందన్న పేరు మా ప్రాంతంలో దొంగ అన్న పేరుకన్నా హీనం. ఆ పేరు ఇప్పటికీ పోలేదు.

బట్టీ ఆవిడకి మొగుడు లాజార్ నుంచి వచ్చింది. వచ్చింది అనడం తప్పు, లాక్కుంది. లాజార్ బట్టీ దగ్గర కాచిందానికన్నా తాగింది ఎక్కువ. ఒక ఏడు అతని నిర్లక్ష్యానికి సగం ఊరి ఊట మాడిపోయింది. అప్పుడు నైదా అతన్ని చొక్కా పట్టుకుని లేపి, ఇంటికి తరిమి, ఆ పీట మీద తను కూర్చుంది. లాజార్ పోయాడు, సహకార సంఘం పోయింది, రైలు ఆగడం మానేసింది, బడి మూతపడింది, కుర్రకారు స్పెయిన్‌లో స్ట్రాబెర్రీలు ఏరడానికి పోయింది. నైదా మాత్రం పీట మీద నుంచి లేవలేదు.

దేశంలో మా వాయవ్య మూల యూరోపంతటిలోకీ పేద ప్రాంతమని టీవీలో చెబుతుంటారు. అదేదో పతకం వచ్చినట్టు ప్రతి ఏడూ చెబుతారు. అందుకని యూరోప్ నుంచి మాకు డబ్బు వస్తుంది. ఆ డబ్బుతో ఏం కావాలో మమ్మల్ని ఎవడూ అడగడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, బస్సు రాని ఊరికి బస్ షెల్టరు కట్టారు. పిల్లలు లేని ఊళ్ళో జారుడుబల్ల పెట్టారు. ఆ జారుడుబల్ల మీద త్సేకో తాత మిరపకాయలు ఎండబెట్టుకుంటాడు.

ఈ విద్యలన్నిటిలో మా మేయరు వెర్గిల్ ఆరితేరినవాడు. ఇస్త్రీ చొక్కా, తీపి మాట, ప్రతి వాక్యంలో ఒకసారి 'అభివృద్ధి'. బట్టీ ఆరిన ఆ ఏడు, చలికాలం చివర్లో పాత సినిమా హాల్లో మీటింగు పెట్టాడు. బట్టీని పర్యాటక కేంద్రం చేస్తాడట. గోడలకు గులకరాళ్ళు, అద్దాల తలుపు, బొమ్మలాడే పెద్ద తెర. రాజధాని సోఫియా నుంచి, జర్మనీ నుంచి జనం బస్సుల్లో దిగుతారట, గదులు అద్దెకు అడుగుతారట. ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పిల్లాడికి పేరు పెట్టేశారు మావాళ్ళు. త్సేకో తాత గాడిదల పాకకి సున్నం వేయడం మొదలుపెట్టాడు. నేనూ తక్కువదాన్ని కాను, కొట్టు ముందు రెండు బల్లలు వేయిస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాను.

చేతులెత్తమన్నాడు. అందరం ఎత్తాం. వెనక వరసలోంచి నైదా లేచింది.

"ఒరేయ్ వెర్గిల్! మీ నాన్న సహకార సంఘం పందుల్ని రాత్రికి రాత్రి అమ్ముకున్నాడు. ఇప్పుడు కొడుకువి నువ్వు బట్టీ మీద పడ్డావా? నీ వంశంలో ఏదన్నా కట్టినవాడు ఒక్కడైనా ఉన్నాడట్రా?"

"నైదా పిన్నీ, బట్టీ ఎక్కడికి పోతుంది చెప్పు? అక్కడే ఉంటుంది. పైగా తళతళా మెరుస్తుంది."

"మెరవడానికి అదేమన్నా నీ బట్టతలా?"

అందరం నవ్వాం, నవ్వి చేతులు ఎత్తే ఉంచాం. ఆవిడ ముందుచూపుతో వద్దందని ఎవరైనా అంటే నమ్మకండి. ఒట్టి కడుపుమంట. వెర్గిల్ తండ్రి మీద కోపం కొడుకు మీద తీర్చుకుంది. కానీ కడుపుమంట ఒక్కోసారి తెలివికన్నా ముందే నిజం దగ్గరికి చేరుతుంది.

వేసవంతా పని జరిగింది. ఎక్కడివాళ్ళో వచ్చారు. నేలకి నున్నటి పలకలు వేశారు, రాగి కాగుని తోమి తోమి అద్దం చేశారు, నైదా పీటని 'ఇది ఇక్కడ నప్పదు' అని బయట పారేశారు. ప్లమ్ పళ్ళు పండాయి. పీపాలు పులిశాయి. బట్టీ తాళం తీయలేదు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. పర్యాటక కేంద్రాన్ని సర్కారు ఒప్పుకున్న రోజు నుంచి అయిదేళ్ళు అందులో దేన్నీ కదపకూడదు, సరుకేదీ తయారు చేయకూడదు. సారా కాస్తే ఇచ్చిన డబ్బంతా కక్కాలి. ఆబ్కారీవాళ్ళు కాగుకి సీలు వేస్తారు.

"అయిదేళ్ళా!" అన్నాడు త్సేకో తాత నా కొట్టులో. "అయిదేళ్ళకి నేనుంటానా? నా ఊట ఉంటుందా?"

ఆ మాటకి నవ్వు రాలేదు. మా ఊళ్ళో అయిదేళ్ళ తర్వాత ఎవరుంటారు? బట్టీ ఒకసారి చల్లారితే మళ్ళీ ముట్టించే చెయ్యి ఉండదు. ఆ శరదృతువు కూడా పోతే మేము కలిసి కూర్చునేది ఇక శ్మశానంలోనే.

తనిఖీకి సోఫియా నుంచి కమిటీ వస్తుందన్నారు. వాళ్ళకి బట్టీ పనిచేస్తుండగా చూపించాలట, ఒక్కసారి, కొంచెంగా, ముచ్చటకి. ముట్టించడం వచ్చింది ఒక్క నైదాకే. వెర్గిల్ చాక్లెట్ పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. చీపురు తిరగేస్తుందనుకున్నాం. సరేనందిట.

తనిఖీకి ముందురోజు నా కొట్టు తలుపు తెరుచుకుంది. నైదా. వేలు చూపించలేదు. మాట్లాడింది.

"ఏమే స్పాస్కా, నీ పీపా ఎక్కడుంది?"

"ఉంది. చక్కెర పీపా కదా, నీకెందుకు?"

"నోర్మూసుకుని విను. రేపు పొద్దున్నే దాన్ని బట్టీకి తోసుకురా. ఊరందరికీ చెప్పాను. ఒక్క కుండ కాదు, ఊరి ఊటంతా కాచేస్తా, వాళ్ళ మొహం మీదే. బూడిద, బురద, జనం, అన్నీ కళ్ళారా చూడనీ. ఇది చచ్చిన బట్టీ కాదని చూశాక కూడా మూసే మగాడెవడో నేనూ చూస్తా."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోక చస్తారా? వాళ్ళూ తల్లి కడుపునే పుట్టారుగా!"

అంత మొండి మనిషి, పట్నం కోటు వేసుకున్నవాడి కళ్ళ మీద అంత నమ్మకం ఎలా పెట్టుకుందో నాకిప్పటికీ అర్థం కాదు. మేమూ పెట్టుకున్నాం. ఆ రాత్రి నా పీపాకి చక్రాలబండి సిద్ధం చేసుకుంటుంటే, మీటింగులో ఎత్తిన చెయ్యి మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దున్నే బండ్లు, ట్రాక్టర్లు, తోపుడు తొట్లు. వాగు దగ్గర నుంచి నా కొట్టు దాకా వరస. నైదా అద్దాల తలుపు బార్లా తెరిచి, బయట పడి ఉన్న పీటని లోపలికి తెచ్చి వేసుకుంది. కొత్త పలకల మీద బురద అడుగులు. పైకప్పు లైట్లకి పొగ కమ్మింది. మొదటి ధార పడేసరికి జనం కేక పెట్టారు. ఎవరో సాసేజీలు తెచ్చారు. త్సేకో తాత ఏడుస్తూ తాగుతున్నాడు, తాగుతూ ఏడుస్తున్నాడు. వెర్గిల్ పరుగున వచ్చి, ఆ నేల చూసి, తల పట్టుకున్నాడు.

"పిన్నీ! నా కొంప ముంచావ్! కొంచెం అన్నాను కదే తల్లీ!"

"నీ కొంప ముంచకపోతే నా పొయ్యి మిగలదురా."

కమిటీ కారు దిగింది. కోటు వేసుకున్న పెద్దాయన, ఇద్దరు గుమాస్తాలు, ఫోను పట్టుకున్న ఒక అమ్మాయి. తలుపు దగ్గర ఆగి చూశారు.

"అద్భుతం!" అన్నాడు పెద్దాయన. "మేయరుగారూ, ఇంత సహజంగా ఎలా ఏర్పాటు చేశారండీ?"

వెర్గిల్ మొహంలో రంగు మారింది. ఆ మనిషికి అదృష్టం కాలికి తగిలితే వంగి తీసుకోవడం బాగా తెలుసు. "ఊరంతా కష్టపడింది సార్," అన్నాడు.

నైదా పీట మీద నుంచి లేచింది. చేతిలో కట్టె.

"ఏర్పాటేమిటయ్యా, ఏర్పాటు? రైలు తీసేశారు, అప్పుడు రాలేదు మీరు. బడి మూసేశారు, రాలేదు. డాక్టరు గదికి తాళం పడింది, అప్పుడూ రాలేదు. ఇక్కడ మిగిలింది ఈ ఒక్క పొయ్యి. దీన్ని ఆర్పడానికి మాత్రం కార్లేసుకుని గుంపుగా దిగారు. సిగ్గు లేదా మీకు? బతికున్నవాళ్ళ నిప్పు లాక్కుని, గోడకి వాళ్ళ బొమ్మ తగిలిస్తారా? మేమింకా చావలేదు! కళ్ళు పెట్టి చూడండి, చావలేదు!"

అన్నేళ్ళలో మొదటిసారి, ఆ నోరు మా తరఫున మాట్లాడింది.

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. గుమాస్తాలు కొట్టారు. వెర్గిల్ అందరికన్నా గట్టిగా కొట్టాడు.

ఫోను అమ్మాయి ముందుకొచ్చింది. మంచి పిల్లే, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి దానికి. "అవ్వా, చాలా బాగా చెప్పావు. మొదటి ముక్క రికార్డు కాలేదు. మళ్ళీ ఒక్కసారి అంటావా? ఆ 'సిగ్గు లేదా' దగ్గర కాస్త ఇటు తిరుగు, వెలుతురు పడుతుంది."

నైదా ఆ పిల్లని చూసింది. మమ్మల్ని చూసింది. కట్టె విసురుతుందనుకున్నాను, విసరాలని దేవుడికి మొక్కుకున్నాను. నైదా వెలుతురువైపు తిరిగింది. రెండోసారైనా వాళ్ళ చెవికి ఎక్కుతుందనుకుందేమో. ఇంకా గట్టిగా, మొదటి మాట నుంచి చివరిదాకా అంతా మళ్ళీ చెప్పింది. వాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు.

పర్యాటక కేంద్రం ఆ మధ్యాహ్నమే పాసయింది. 'స్థానికుల భాగస్వామ్యం చాలా బాగుంది' అన్నారట. వెర్గిల్ నైదాని కౌగిలించుకుని, "పిన్నీ, నువ్వే గెలిపించావ్!" అన్నాడు. ఆవిడ తోసేయలేదు. మర్నాడు ఆబ్కారీవాడు వచ్చి కాగుకి సీలు వేశాడు. అప్పటికి వరసలో నాలుగు ఇళ్ళ ఊట మాత్రమే కాగింది. నా పీపా అలాగే వెనక్కి తోసుకొచ్చి పందులకి పోశాను. రెండు రోజులు లేవలేదు అవి. తర్వాతి ఏడు చాలామంది పళ్ళు కోయనే లేదు, చెట్ల కిందే కుళ్ళిపోయాయి. పర్యాటకులు రాలేదు. త్సేకో తాత సున్నం వేసిన పాకలో గాడిద కూడా లేదిప్పుడు, తాతా లేడు.

కేంద్రం ఊడ్చడానికి ఒక మనిషి కావాలన్నారు. తాళంచెవి ఇంకొకళ్ళ చేతికి పోతే తన శవం మీదనుంచే పోవాలంది నైదా. ఇచ్చారు. నెలకి జీతమని నాలుగు లెవాలు కూడా పడేస్తున్నారు. మొన్న శరదృతువులో వాగు మీదుగా వస్తుంటే లోపల్నుంచి అరుపులు వినిపించాయి. ఎవరితోనో కొట్లాట పెట్టుకుంది, శుభం, అనుకుని తొంగి చూశాను.

తళతళలాడే కాగు పక్కన నైదా నేల తుడుస్తోంది. వెనక గోడంత తెర మీద ఆనాటి నైదా కట్టె పట్టుకుని నిలబడి ఉంది. "సిగ్గు లేదా మీకు? బతికున్నవాళ్ళ నిప్పు లాక్కుని..."

"ఆపెయ్యవే దాన్ని," అన్నాను.

"ఆగదు. మనిషి లోపలికి రాగానే దానంతటదే మొదలెడుతుంది."

"రోజూనా?"

"ఇంకెవరొస్తారే ఇక్కడికి? నేనే కదా వచ్చేది." గుడ్డ పిండి, తెరవైపు చూడకుండానే అంది, "మొదట్లో బాగానే ఉండేది స్పాస్కా. వాళ్ళని తిడుతోంది, తిట్టనీ అనుకునేదాన్ని. ఈమధ్య నన్నే అంటున్నట్టుంది."

ఆవిడ బకెట్ ఎత్తుకుని, మురికినీళ్ళు వాగులో పారబోసి, మిగతా నేల తుడవడానికి లోపలికి వెళ్ళింది. తెర మళ్ళీ మొదలుపెట్టింది.