రుమాలు మీద పడే బంతి

మా బావ వృత్తి క్రికెటర్. ఈ ముక్క చెప్పగానే ఎవరైనా కళ్లు పెద్దవి చేసి "ఏ జట్టుకి?" అంటారు. "మా బీమా ఆఫీసు జట్టుకి" అనగానే ఆ కళ్లు మళ్లీ మామూలు సైజుకి వచ్చేస్తాయి. నేను అదే ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్‌లో కవర్లు అంటిస్తాను. మైదానం మా సెక్షన్ వెనకే ఉంది. కాబట్టి ఆయన గారి క్రికెట్ జీవితమంతా కిటికీలోంచి కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

ఉద్యోగానికి ముందు క్లబ్ మ్యాచుల్లో బావని అందరూ "బొటనవేలు" అనేవారు. ఆడేవాడి కాలివేళ్ల మీదకి సరిగ్గా దిగే బంతి వేసేవాడు. దాన్ని కొట్టడం మాట దేవుడెరుగు, కాలు దక్కించుకుంటే చాలు. అవతలి జట్టు వాళ్లు రెండేసి జతల మేజోళ్లు తొడుక్కుని దిగేవారు. నేను ఒక్క జతతో దిగి గోరు ఊడగొట్టుకున్నాను. కుంటుకుంటూ ఇంటికొస్తే అక్క నా కాలు చూడకుండా "ఎవర్రా ఆ బౌలరు?" అని అడిగింది. నా గోరు ఊడింది, ఆమెకి పెళ్లి కుదిరింది.

ఆ బంతి చూసే మా ఆఫీసు వాళ్లు బావకి ఆటగాళ్ల కోటాలో ఉద్యోగమిచ్చారు. కాగితాల్లో జూనియర్ అసిస్టెంటు. అసలు పని బంతులు వేయడం. "ఇక్కడ ఆడుతూ ఉండవయ్యా, పెద్ద జట్టు సెలెక్టర్లు నా మాట కాదనరు" అని జనరల్ మేనేజర్ గారు స్వయంగా భుజం తట్టారు. బావకి ఇంకేం కావాలి? పెద్ద జట్టులో ఒక్క మ్యాచ్ ఆడాలన్నదే ఆయన కోరిక. అక్క కోరిక కూడా అదే.

ఆఫీసు జట్టుకి కెప్టెన్ కూడా జి.ఎం. గారే. ఆ కెప్టెన్సీ ఆట చూసి ఇచ్చింది కాదు, కుర్చీ చూసి ఇచ్చింది. మొదటిరోజు పొద్దున్నే ఆరింటికి ఆయన ప్యాడ్లు కట్టుకుని నిలబడ్డారు. బావ తనకొచ్చిన బంతి వేశాడు. జి.ఎం. గారు వికెట్ల ముందు చతికిలబడ్డారు. తర్వాత మూడు రోజులు ఆయన చెప్పులతో ఆఫీసుకొచ్చి కుంటుతూ నడిస్తే, వెనకున్న మేనేజర్లు మర్యాదగా నెమ్మదించి నడిచారు. వాళ్లలో ఒకాయన కొంచెం కుంటాడు కూడా.

నాలుగోరోజు సూపరింటెండెంటు బావని మైదానంలోకి తీసుకెళ్లాడు.

"ఏమయ్యా, బంతి వేసేముందు అవతల ఎవరున్నారో చూసుకోవద్దా?"

"నేను స్టంపులే చూస్తానండీ" అన్నాడు బావ అమాయకంగా.

"అదే నువ్వు చేసిన తప్పు."

ఆయన బావ జేబులోంచి రుమాలు లాగి, పిచ్ మీద ఒకచోట పరిచాడు. "ఇక్కడ పడితే సార్ బ్యాటుకి చక్కగా అందుతుంది. ఇక నీ కంటికి ఈ రుమాలు తప్ప ఇంకేం కనపడకూడదు."

మా బావకి ఒకటి చెబితే చాలు, చచ్చేదాకా చేస్తాడు. రోజూ ఆరు నుంచి ఎనిమిది దాకా నూటయాభై బంతులు, అన్నీ రుమాలు మీదే. జి.ఎం. గారు ముందుకో అడుగేసి కొట్టేవారు, చుట్టూ ఉన్న మేనేజర్లు "షాట్ సార్!" అని అరిచేవారు. కిటికీలోంచి చూస్తూ నేను పళ్లు నూరేవాణ్ని. ఏటా ఆఫీసులో ఉత్తమ బౌలర్ కప్పు బావకే. ఎంత బాగా కొట్టించుకుంటే అంత ఉత్తముడన్నమాట. ఇంట్లో ఫ్రిజ్ మీద ఏడు కప్పులు చేరాయి. తలుపు తీసినప్పుడల్లా ఒకటి నెత్తిన పడేది.

రుమాలు ఉతికేది అక్క. ఒకరోజు దాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

"ఏమండీ, ఈ ఎర్ర మరకలన్నీ నడిమధ్యే ఉంటున్నాయేంటి?"

"గురి కుదిరింది" అన్నాడు బావ, ఛాతీ విరుచుకుని.

అక్క నవ్వలేదు. "మరి ఆ బంతి?" అంది. ఏ బంతో చెప్పనక్కర్లేదు. "అదెక్కడికి పోతుంది, చేతిలోనే ఉందిగా" అన్నాడు.

ముప్పై ఏళ్లు నిండాక పెద్ద జట్టుకి తీసుకోరు. నిండడానికి రెండు నెలల ముందు సెలెక్షన్‌కి పిలుపొచ్చింది. జి.ఎం. గారు మాట నిలబెట్టుకున్నారు, కాదనను. సిఫార్సు ఉత్తరానికి కవరు అంటించింది నేనే. అక్కా నేనూ సెలవు పెట్టి వెళ్లాం. జి.ఎం. గారు ముందు వరసలో కూర్చున్నారు. సెలెక్టర్లు ముగ్గురు. బావకి పన్నెండు బంతులిచ్చారు, ఎదురుగా మీసాలింకా సరిగా మొలవని బ్యాట్స్‌మన్.

మొదటి బంతి ఫోర్ పోయింది. చెయ్యి జారిందేమో అనుకున్నాం. రెండోది సరిగ్గా అక్కడే పడింది. మూడోదీ అంతే. బావ పరుగు మార్చాడు, బంతి పట్టు మార్చాడు, ఒకసారి కళ్లు మూసుకుని కూడా వేశాడు. పిచ్ మీద రుమాలు లేకపోయినా ఆ చెయ్యి అక్కడికే పోయింది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. పన్నెండులో తొమ్మిది ఫోర్లు. సెలెక్టర్లు లేచి వెళ్లి ఆ బ్యాట్స్‌మన్‌తో చేతులు కలిపారు. ఎంపికైంది అతను.

జి.ఎం. గారు మాత్రం మండిపడ్డారు. "ఈ సెలెక్టర్లకి ఆట తెలీదయ్యా! పన్నెండూ పన్నెండు బంగారం లాంటి బంతులు. నేనైతే ఒక్కటీ వదలను!"

"థాంక్యూ సార్" అన్నాడు మా బావ. బస్సులో అక్క కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

మరో అయిదేళ్లకి జి.ఎం. గారు రిటైరయ్యారు. కొత్తాయనకి ఈతంటే ఇష్టం. కోటా ఈతగాళ్లకి మారింది, బావ నా పక్క కుర్చీలోకి మారాడు. ఆయనకి కవరు వంకర లేకుండా అంటించడం నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. పాత జి.ఎం. గారికి మాత్రం చేతుల దురద తీరలేదు. ఆదివారం వస్తే చాలు, కబురు. బావ వెళ్లేవాడు, బంతులు ఏరడానికి నన్నూ లాక్కెళ్లేవాడు.

"నీకు సిగ్గూ శరం లేవా బావా?" అన్నాను.

"పెద్దాయన పిలిచాక వెళ్లకపోతే ఏం బాగుంటుందిరా?"

పోయిన ఆదివారం అక్క కూడా మాతో బయల్దేరింది, చేతిలో ఉతికిన రుమాలుతో. తిన్నగా పిచ్ మీదకి నడిచింది.

"ఏమ్మా, నువ్వూ బంతులేస్తావా?" అని జి.ఎం. గారు నవ్వారు.

"రుమాలు పరవడానికొచ్చాను సార్."

రుమాలు నాలుగు మడతలు పెట్టి, ఆయన ఎడమ బూటుకి ఆనించి పెట్టింది. ఆయన అదేదో గౌరవం అనుకున్నట్టున్నారు, తల ఊపారు. అక్క వెనక్కి వచ్చి బావ పక్కన నిలబడింది. "ఏమండీ, ఇవాళ అక్కడ."

మొదటి బంతి పాతచోటే పడింది. జి.ఎం. గారు కొట్టారు. రెండోది ఇంకాస్త ముందుకెళ్లింది. అక్క కదల్లేదు. బావ రుమాలు వైపు చాలాసేపు చూశాడు, చొక్కాకి బంతి తుడుచుకున్నాడు, పరుగెత్తాడు. ఠప్పుమన్న ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. బూటులో నా కాలివేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి.

జి.ఎం. గారు కూలబడి, కాలు పట్టుకుని, నొప్పితో కంటే ఆశ్చర్యంతో ఎక్కువగా అరిచారు. "ఇన్నేళ్లూ ఈ బంతి ఎక్కడ దాచావయ్యా! ఆ రోజు సెలెక్టర్ల ముందు ఇదొక్కటి వేసుంటే నీ జీవితమే మారిపోయేది కదా!"

మనస్ఫూర్తిగానే అన్నారు. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. బావ అలవాటు కొద్దీ "సారీ సార్" అనబోయాడు. ఈలోగా అక్క ముందుకెళ్లి రుమాలు తీసింది, దుమ్ము దులిపింది, పొడుగ్గా మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"వేలికి కట్టుకోండి సార్. తిరిగివ్వక్కర్లేదు."