మరిదిగారి ఒట్టు

మా పెద్దమ్మ రత్నమాణిక్యానికి కోపం వస్తే అరవదు, మర్యాద పెంచుతుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి మరిది పల్లంరాజును "రాజూ, నువ్వు" అని పిలిచిన మనిషి, మా పెదనాన్న పోయిన నెలకి "మరిదిగారూ, మీరు" అనడం మొదలుపెట్టింది. ఆ పిలుపు విన్నప్పుడే నాకు భయం వేసింది.

పెదనాన్న తాతాజీకి భీమవరంలో రొయ్యల మేత అమ్మే కొట్టు ఉండేది. ఆయన మాసికం భోజనాల్లో పంక్తిలో కూర్చుని, పక్కనున్న చెరువుల రైతులతో పల్లంరాజు "అన్నయ్య కొట్టు మూసేస్తున్నాం, ఇకనుంచి మేత నా దగ్గర తీసుకోండి" అని చెబుతున్నాడు. వడ్డిస్తున్న పెద్దమ్మ చెవిన పడింది. గరిటె పట్టుకునే అందరి ముందూ నిలదీసింది. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు.

"చచ్చినా నీ చేతి మెతుకు ముట్టను. ఒట్టు!" అన్నాడు పోతూ పోతూ. సిగ్గు లేకపోతే సరి, అప్పటికే పప్పన్నం పూర్తి చేశాడు.

పెద్దమ్మ కొట్టు మూయలేదు. స్కూటీ నేర్చుకుని చెరువుగట్ల వెంట తిరిగి, మరిది వైపు వెళ్లిపోయిన రైతుల్లో చాలామందిని వెనక్కి తెచ్చుకుంది. అయినా ఆవిడ కడుపుమంట చల్లారలేదు. ఆ మనిషి పదిమందిలో తన ముందు చెయ్యి చాపాలి. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడల్లా అదే కోరిక, పైకి వినపడేలా కోరుకునేది.

ఈ వేసవిలో మేత కంపెనీ వాళ్లు బాగా అమ్మిన డీలర్లకు నార్వే ఓడ ప్రయాణం ఏర్పాటు చేశారు. పల్లంరాజు కూడా వస్తున్నాడని తెలిసిన సాయంత్రమే పెద్దమ్మ ఆవకాయకి కాయలు కొట్టించింది. "నువ్వూ రావే సుప్రియా, తోడుగా ఒకర్ని తీసుకురావచ్చంట" అంది.

ఏం తీరమండీ అది! నీళ్లలోంచి నిలువునా లేచిన కొండలు, వాటి నెత్తిన మంచు. దీవుల అంచుల్లో ఎర్రముక్కు పిట్టలు గుంపులు గుంపులు. బండల మీద సీళ్లు మధ్యాహ్నం గేదెల్లా పడుకుని ఉండేవి. అందరూ ఫోన్లు పట్టుకుని రెయిలింగు దగ్గరే నిలబడితే, పెద్దమ్మ మాత్రం భోజనాల హాలు వైపు తిరిగి కూర్చునేది.

"పెద్దమ్మా, తిమింగలం!" అని నేను కేకేశాను ఒకరోజు.

"ఉండనీవే. ఆయన ఇవాళేం తిన్నాడో చూశావా?"

ఏం తింటాడు? ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన చేప, పక్కన నిమ్మచెక్క. పల్లంరాజు మొహం రోజురోజుకీ పీక్కుపోతోంది. నాకు లోపల్లోపల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అందరి నాలుకలూ చచ్చిపోయేదాకా పెద్దమ్మ తను తెచ్చిన ఆవకాయ డబ్బా మూత తియ్యలేదు. పిట్టల దీవి పక్కనుంచి ఓడ మెల్లగా వెళ్తున్న మధ్యాహ్నం, వంటవాళ్లను అడిగి వేడన్నం తెప్పించి, డెక్కు మీద ఓ మూల కూర్చుని గిన్నెలో ఆవకాయ, నువ్వులనూనె వేసి కలిపింది. ఆ వాసనకి పిట్టల్ని వదిలేసి డీలర్లందరూ వచ్చి చుట్టూ కూర్చున్నారు. చిన్నపిల్లల్లా అరచేతులు చాపారు. పెద్దమ్మ వరసగా ఒక్కొక్క చేతిలో ముద్ద పెడుతూ వస్తోంది.

పల్లంరాజు కాసేపు సముద్రం చూస్తున్నట్టు నటించాడు. తర్వాత మెల్లగా వచ్చి, వెంకన్న అనే డీలరు పక్కన కూర్చుని చెయ్యి చాపాడు.

"అయ్యో మరిదిగారూ, మీకు ఒట్టుంది కదండీ!" అంది పెద్దమ్మ. "నా చేతి మెతుకు ముట్టనన్నారు. మీ మాట నేను పోనిస్తానా?"

నములుతున్న నోళ్లన్నీ ఆగిపోయాయి.

"ఎప్పటి మాటో వదినా... తప్పయిపోయింది, ఒక్క ముద్ద పెట్టండి" అని గొణిగాడు.

"గాలికి వినపడ్డం లేదండి. ఏం తప్పో కూడా చెప్పండి, ఆ చివర వాళ్లక్కూడా తెలియాలి కదా."

ఆయన కళ్లు ముద్ద మీదే ఉన్నాయి. "అన్నయ్య మాసికం రోజునే రైతుల్ని లాక్కోబోయాను! తప్పే! పెట్టండి వదినా!" అని అరిచాడు.

ఆయన అరుస్తుండగానే పెద్దమ్మ గిన్నె ఊడ్చి, ఆ ముద్ద వెంకన్న చేతిలో పెట్టేసింది. ఖాళీ గిన్నె వంచి చూపించింది.

"అయ్యో, అయిపోయిందండి. ముందే అడగలేకపోయారా?"

పల్లంరాజు చెయ్యి అలాగే చాపి ఉంది. అందులో ఏమైనా ఉందేమోనని ఒక తెల్లపిట్ట దగ్గరదాకా వచ్చి, చూసి, వెళ్లిపోయింది.

గదిలోకి వచ్చాక పెద్దమ్మ కప్పుకున్న శాలువా తీసింది. దాని కింద మూతపెట్టిన చిన్న గిన్నె, నిండా ఆవకాయ అన్నం.

"ఇదేంటి పెద్దమ్మా? ఉందిగా!"

"ఉందే. ఆయనకని ముందే విడిగా తీశాను. చెయ్యి పట్టు" అని నా చేతిలో పెద్ద ముద్ద పెట్టింది. జాలి పడాలేమో. నాకు జాలి కలగలేదు, ముద్ద మాత్రం అమృతంలా ఉంది. మిగిలింది తను తిని, వేళ్లు శుభ్రంగా నాకి, చెయ్యి కడుక్కుని పెద్దమ్మ కిటికీ తెర పక్కకి లాగింది.

"ఏదే, తిమింగలం ఎటుందన్నావు?" అంది.