ఫ్యాను ఆపిన గది

కరోనా రెండో ఏడు, మార్చి ఎండ. నందిగామలో కౌన్సెలింగ్ చేసే రాజ్యశ్రీ కిటికీలు బార్లా తెరిచి, ఫ్యాను మాత్రం ఆపి కూర్చుంటుంది. ఫ్యాను గాలికి ఎదుటివాళ్ల మాస్కు రెపరెపలాడితే ఆమెకేమీ తెలియదు. మూతి కనిపించని మనుషులతో మాట్లాడీ మాట్లాడీ, ఊపిరికి ఆ గుడ్డ లోపలికీ బయటికీ ఆడే తీరు చూడటం అలవాటు చేసుకుంది. కళ్లను నమ్మడం మానేసింది. మిరప కోతల రోజుల్లో ఈ చుట్టుపక్కల ఎవరి కళ్లయినా ఎర్రబడి నీళ్లు కారుతూనే ఉంటాయి.

ఆ రోజు పెనుగంచిప్రోలు రైతు బ్రహ్మయ్య వచ్చాడు. భార్య పోయి నెల. నిద్ర పడుతోందన్నాడు, అన్నం తింటున్నానన్నాడు. గుడ్డ మెల్లగా ఆడుతోంది.

"చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపిస్తుందా, బ్రహ్మయ్యగారూ?" అందరినీ అడిగినట్టే అడిగింది.

"అబ్బే, అదేం లేదండి." కళ్లతో నవ్వాడు కూడా. కానీ గుడ్డ ఆగిపోయింది.

రాజ్యశ్రీ వీపున చెమట జారింది. తుడుచుకోలేదు. "పురుగుమందు డబ్బా ఎక్కడ పెట్టారండి?"

రోడ్డు మీద ఆటో ఒకటి ఆగి, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది. అప్పుడు బ్రహ్మయ్య చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"మోటారు షెడ్డుదండి. మీ దగ్గరే ఉంచండి."

గుడ్డ ఒక్కసారిగా లోపలికి పోయి, పెదాలకు అంటుకుంది.